పిన్ను

స్వాన్సీలో వాన. అద్దె గదిలో పన్నెండు కుర్చీలు.
ఐదేళ్లకోసారి, తెలిసిందే మళ్లీ తెలుసుకోవాలి.
నాకిది మూడోసారి.

గ్వెన్‌లియన్ స్లయిడ్లేవీ వేయలేదు.
ఒక జాకీ పిన్ను చేతికిచ్చి
పక్కవాళ్లకు అందించమంది.
దాని వెనకే ఇంకొకటి:
పిన్ను దొరక్క ఎవరో దూర్చిన చువ్వ ముక్క,
నడుం దగ్గర వంగిపోయి.

"ఎంత మోసింది?" అడిగారెవరో.
"పదకొండు నిమిషాలు" అందామె.

నేను దాన్ని ముందుకు పంపలేదు.

నిన్న చీకటి పడుతుంటే
పరంజా ఎక్కకుండా, కింద నుంచే లెక్కపెట్టి
సంతకం చేసిన జాకీలు
నలభై రెండు.

టీకి ఇంకా వేళ కాలేదు.
వానలోకి వెళ్లి ఫోన్ చేశాను:
"ఎమ్రిస్, కాంక్రీటు లారీ వచ్చిందా?
వెనక్కి పంపెయ్.
డబ్బు పోతే పోనీ.
వస్తున్నా, ఒక్కోదాన్నీ తాకి చూడాలి."

గుప్పిట్లో చువ్వ ముక్క
ఇంకా వెచ్చబడలేదు.