ఎడమ బూటు

తిబిలీసీలో మెట్రో పక్క సొరంగ దారిలో నా కొట్టు.
కొట్టంటే ఏముంది,
ఒక స్టూలు, ఒక ఆరె, మైనం పట్టించిన దారం,
గోడకి నాలుగు మేకులు.
నా నెత్తి మీద గ్రానైట్ పలకల చౌక్.
పొద్దుట్నుంచి అక్కడ చక్రాలు గరగరలాడుతుంటే
నా గ్లాసులో టీ వలయాలు తిరుగుతుంది.

పది రోజులకోసారి తమ్తా మెట్లు దిగొస్తుంది
ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.
"ఓతారి బాబాయ్, మళ్ళీ."
మళ్ళీ అదే చోటు. బొటనవేలి కొసన
కోటు గుండీ అంత చిరుగు.

దాని పేరు హార్డ్‌ఫ్లిప్ అట.
"పేరులోనే చెప్పేశారు కదా" అని నవ్వుతుంది,
మోకాళ్ళ కింద నీలి మచ్చల్ని రుద్దుకుంటూ.
వేసవి మొదట్లో పట్టుకుంది దాన్ని.
ఇప్పుడు ద్రాక్ష కోతలు.

"వెనక కాలితో తోకని ముందుకి తొయ్యాలి,
అదే ఊపులో ముందు కాలు పైకి పాకి అంచుని గీరాలి,
బోర్డు నా కాళ్ళ మధ్య నిలువుగా లేచి,
ఒక మెలిక, ఒక దొర్లు, రెండూ ఒకేసారి..."
అరచేతిని గాల్లో తిరగేసి చూపిస్తుంది.
సగం అర్థమైంది నాకు. సగమే.

భుజాలు తిప్పకు అంటాడు జ్వియాద్.
ఇంకా ఎత్తెగరమంటాడు ఇంకొకడు.
అన్నీ మెట్ల మీంచి వినబడుతూనే ఉంటాయి.
బూటుని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను బోర్డెక్కినవాణ్ణి కాదు,
నలభై ఏళ్ళు తోలు కోసినవాణ్ణి.
"నేనెక్కడ కుంటుతున్నాను?" అని దబాయించే పెద్దమనుషుల్ని
వాళ్ళ మడమలే పట్టిచ్చాయి నాకు.

ఆ రోజు ఆరె తీయలేదు.
"కుడిది కూడా విప్పు" అన్నాను.
విప్పింది. చల్లటి నేల మీద
రెండు మేజోళ్ళతో కొంగలా నిలబడింది.

కుడి బూటుకి మడమ అరిగిపోయింది,
వేళ్ళ కింద మాత్రం అంగట్లోంచి తెచ్చినట్టే ఉంది.
"తోకని మడమతో తొక్కుతున్నావమ్మాయ్.
బరువంతా వెనక్కి పోతోంది.
వేళ్ళ కింద మెత్తటి చోటుందే, అక్కడ నిలబడు.
ఇక ఎడమది. కొస చిరిగిందంటే
తలుపుని తన్నినట్టు సూటిగా తంతున్నావు.
కాళ్ళ మధ్య నుంచి పోవాలంటావు ఆ బల్ల,
మరి దారేదీ దానికి?"
చిటికెనవేలి పక్క కుట్టు మీద
సుద్దముక్కతో గీత గీశాను.
"చిరగాల్సింది ఇక్కడ. గీరు,
గీరి మోకాలు పక్కకి తియ్యి.
కిక్కిరిసిన బస్సులో దిగేవాళ్ళకి
తప్పుకుంటామే, అలా."

"మీకెలా తెలుసు?"
మొహంలో కాస్త కోపం.
"నాకు తెలీదు. తోలుకి తెలుసు."
కొసకి అతుకు వేసి కుట్టిచ్చాను.

పది రోజులయ్యాయి. రాలేదు.
పన్నెండు.
రెండ్రోజులు వాన, పైన అంతా నిశ్శబ్దం.
తర్వాత మళ్ళీ ఆ చప్పుళ్ళు:
తోక టక్‌మనడం, ఒక క్షణం ఏమీ లేకపోవడం,
బోర్డు పక్కకి పడి దొర్లడం, ఒక తిట్టు.
టక్, ఏమీ లేదు, దొర్లు, తిట్టు.
నాకు తెలీకుండానే లెక్కపెట్టడం మొదలెట్టాను.
ఒక సాయంత్రం
టక్,
ఏమీ లేదు,
నాలుగు చక్రాలూ ఒక్కసారే నేల తాకాయి.
ఎవరూ కేక వెయ్యలేదు. ఈల వెయ్యలేదు.
వేరే ఎవరో అయ్యుంటారనుకున్నా.
గ్లాసులో టీ మాత్రం చాలాసేపు ఆగలేదు.

మర్నాడు దిగొచ్చింది.
మాట్లాడకుండా ఎడమ బూటు నా ఒళ్ళో పడేసింది.
కొసన నా అతుకు చెక్కుచెదరలేదు.
సుద్ద ఎప్పుడో చెరిగిపోయింది గానీ
అది ఉన్న చోటే తోలు విచ్చుకుని
ఎర్ర మేజోడు బయటికి చూస్తోంది.

"ఎన్నిసార్లు?"
"ఒక్కటి. మిగతా రెండొందలూ పోయాయి."

కుట్టబుద్ధి కాలేదు.
ఇంత సరిగ్గా చిరిగిన బూటు
నా చేతికి ఎప్పుడూ రాలేదు.
"దీన్ని మేకుకి తగిలించుకోనా?" అన్నాను.

"కుట్టు బాబాయ్" అంది
ఒంటికాలి మీద, గోడ పట్టుకుని,
"వెలుతురు ఇంకో గంటే ఉంది."