నీడలు: ఆఫ్

పుంతా అరేనస్‌లో జూన్ నెల.
పొద్దున పదింటికి గానీ తెల్లారదు,
ఐదున్నరకే దీపాలు.
మధ్యలో మిగిలిన కాస్త పగటినీ
గాలి కొరుక్కు తింటుంది.

యాస్నా, నీ ఇంట్లో రెండు చప్పుళ్లు.
ఒకటి పైన,
మేకులు వదులైన రేకు టపటపా కొట్టుకోవడం.
రెండోది బల్ల కింద,
తొమ్మిదేళ్ల కంప్యూటర్ ఫ్యాను
ఎగశ్వాస తీయడం.
రెండింటికీ వైద్యం ఒకే డబ్బాలో ఉంది:
బిస్కెట్ల డబ్బా, మూత మీద చెరిగిపోయిన ఓడ బొమ్మ,
లోపల నాలుగు లక్షల ఎనభై వేల పెసోలు.

జలసంధి దాటించే ఫెర్రీకి టికెట్లు చింపే ఉద్యోగం నీది.
గాలి ముదిరితే ఫెర్రీ ఆగుతుంది,
ఫెర్రీ ఆగితే ఆ పూట కూలీ ఆగుతుంది.
అందుకే ఆ డబ్బాలో ప్రతి నోటూ
గాలి కాస్త జాలిపడిన రోజుది.

మీ అన్న కొడుకు మిర్కో పదహారేళ్ల పండితుడు.
"అత్తా, గ్రాఫిక్స్ కార్డు మార్చు చాలు" అన్నాడు.
కాసేపాగి, "దానికి ఈ పవర్ సప్లై చాలదనుకో" అన్నాడు.
"అది మారిస్తే మరి మదర్‌బోర్డు..." అని గొణిగాడు.
గోచీని ఎలుక కొరక్కుండా పిల్లి,
పిల్లి పాలకోసం ఆవు,
ఆవు గడ్డికోసం పొలం.
ఒక్క కార్డుతో మొదలై
సంసారంలో పడబోతున్న సన్యాసిలా
వాడి వంక చూశావు.

పక్కింటి నెలిదాది ఇంకో మాట.
"నలభై మూడేళ్లదానివి, ఆటలేమిటే?
రేకు లేచిపోతే ఆ బొమ్మల్లోకెళ్లి పడుకుంటావా?"
నువ్వు ఊరుకున్నావు.
కత్తి పట్టుకుని ఆ అడవిలో నడిచే ఆడమనిషి
మోకాళ్ల నొప్పి లేకుండా గుట్టలెక్కుతుందని,
అక్కడ వరుసలో నిలబడి
"ఇంకెంతసేపు" అని కసిరేవాళ్లుండరని
నెలిదాకి ఎలా చెప్పడం?

ఆదివారం దాన్ని విప్పావు.
పెయింటు కుంచెతో దులిపావు.
తొమ్మిదేళ్ల దుమ్ము:
స్వెటర్ల ఊలు, పోయిన పిల్లి బూడిదరంగు వెంట్రుకలు,
విడాకుల ఏడాది కాల్చిన సిగరెట్ల మసి.
"ఇన్నాళ్లూ ఇదా నువ్వు పీల్చింది, పిచ్చిదానా!" అన్నావు,
దాన్నో, నిన్నో.

మళ్లీ బిగించాక తొంభై రెండు డిగ్రీల జ్వరం
డెబ్బై నాలుగుకి దిగింది.
ఆట మాత్రం ఇంకా నత్తినత్తిగానే.

అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లావు,
నెలాఖరున సరుకుల చీటీ కొట్టేస్తున్నట్టు.
నీళ్లలో ప్రతిబింబాలు: వద్దు.
గడ్డి: పలచగా చాలు.
దూరపు కొండలు: మంచులో కలిపెయ్.
చివరికి, వేలు కాసేపు గాల్లో ఆగి,
నీడలు: ఆఫ్.

ఆట పరుగెత్తింది, దూడ తాడు తెంపుకున్నట్టు.
అడవిలో నీ మనిషి
నేలకి ఆనకుండా నడుస్తోంది,
కాళ్ల కింద ఏమీ లేదు.
నీడకింత ధరా అని నవ్వొచ్చింది నీకు.
కొంచెం ఏడుపూ వచ్చింది.

సోమవారం రేకుల కొట్టుకి వెళ్లావు.
పన్నెండు రేకులు, రబ్బరు టోపీల మేకులు అరకిలో.
మిగిలింది అరవై ఒక్క వేలు.
మధ్యాహ్నం రెండింటి సూర్యుడు
కంచె మీద కూర్చున్నంత కిందుగా ఉన్నాడు.
రేకులు మోసుకొచ్చిన కుర్రాడి నీడ
రోడ్డు దాటి, ఎదురింటి గోడెక్కి,
కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తోంది.
"సెట్టింగులు మరీ పెంచేశారు" అన్నావు.
వాడికి అర్థం కాక
రసీదు మళ్లీ లెక్క చూసుకున్నాడు.

రాత్రి పైన చప్పుడు లేదు.
బల్ల కింద చప్పుడొక్కటే,
ఇప్పుడు ఇంకా బాగా వినిపిస్తూ.
మిర్కో కబురు పంపాడు:
సెకండ్ హ్యాండ్ కార్డు ఒకటుందట, లక్షా పది.
నువ్వు సరే అనలేదు.
వద్దనీ అనలేదు.
రేపు గాలి ఎలా ఉంటుందో చూడాలి.