ఎడమకు రెండు గీతలు

తిరుపతి గాంధీ రోడ్డులో ఇరుకు మెట్లెక్కితే
యాసీన్ అంగడి. చెప్పులు బయటే విప్పాల.
గాజుపలక కింద వరసగా పండుకోనుండాయి
ఎవరివీ కాని నల్లటి చెవులు.

"యాడ వింటావన్నా?" మొట్టమొదట అడిగిందదే.
ఏం వింటావని కాదు.
ఆ ఒక్క మాటతో కుర్చీ లాక్కోని కూర్చున్నాను.

బస్సులో, అన్నాను.
చిత్తూరు నుంచి ఇక్కడికి, మళ్లీ చిత్తూరికి,
వారానికి ఆరు దినాలు.
నేనెక్కే బండికల్లా అదేం కర్మో
కిటికీ అద్దం పండ్లు కొరుకుతానే ఉంటాది.

ముందుగా వీపు తెరిచినదాన్ని తీసినాడు,
జల్లెడ మాదిరి రేకు, ఇటునుంచి అటు గాలాడతాది.
"ఇంట్లో వినేదానికి దీన్ని మించింది లేదు.
బస్సులో పెట్టినావంటే
పాట సగం నీది, సగం పక్కసీటాయనది."
రెండోది మూసినది.
ఇడ్లీగుండాన మూత పెట్టినట్టు
కింద వీధంతా ఒక్కసారిగా అణిగిపోయింది,
ఆటోలు నోళ్లు తెరుస్తాండాయి, కూత లేదు.
మూడోది మూడొందల ఓములంట.
"ఫోనొకటే దీన్ని లాగలేదన్నా,
పాడి బర్రెకు దోసిట్లో గడ్డి పెట్టినట్టు.
పక్కన ఆంప్లిఫయరు ఉండాల్సిందే."

సబ్బుపెట్టంతది ఒకటి. అగ్గిపెట్టంతది ఒకటి.
పెద్దది ఎనిమిది గంటలు పలుకుతాది, చిన్నది మూడు.
చొక్కా జేబులో బస్సు పాసు పక్కనేసి చూసుకున్నాను,
పెద్దది జేబును కిందికి గుంజింది
పసిబిడ్డ కొంగు పట్టుకున్నట్టు.

పాట పెడతానన్నాడు. వద్దన్నాను.
నా ఫోనులో నా శబ్దం తెచ్చుకున్నాను:
మా ఊరి భారతం మిట్ట,
పద్దెనిమిదో దినం, తెల్లారుజాము,
మట్టి దుర్యోధనుడి ముందర మునెప్ప హార్మోనియం.
దాని తిత్తికి ఒక చిరుగు. సైకిల్ ట్యూబు ముక్క అంటించినాడు.
స్వరానికి ముందు ప్రతిసారీ ఒక నిట్టూర్పు పోతాది,
అది నేను పక్కన కూర్చోని విన్నాను కాబట్టి తెలుసు.
ఫోను ఎప్పుడూ దాన్ని చెప్పలేదు.

పెట్టుకున్నాను.
"ఎడమ పక్క పనిచేయలేదు యాసీనూ."
వైరు మార్చినాడు. తిప్పి గుచ్చినాడు.
తన చెవికి పెట్టుకోని కండ్లు మూసినాడు,
నవ్వినాడు, మెల్లిగా నవ్వు దించినాడు.
"పనిచేస్తాండాదన్నా."

ఫ్యాను తిరిగింది కాసేపు.

గ్రానైటు ఫ్యాక్టరీలో పద్నాలుగేండ్లు
రంపం నాకు ఎడంచేతి పక్కనే తిరిగింది.
ఇప్పుడు రేణిగుంట రోడ్డులో
ఆ పలకలకే బిల్లులు రాస్తాండాను.
ఇదంతా అతనికి చెప్పలేదు.
చేతులు చూసినాడేమో. రాతిపొడి గోళ్లలోంచి పోదు.

అయ్యో అనలేదు. వంగి, బల్ల కింద
అట్టపెట్టెలోంచి పాతదొకటి తీసినాడు,
వెండిరంగు సగం రాలిపోయింది,
పక్కన బఠానీ గింజంత మర.
"కొత్తవాటిల్లో ఈ మర తీసేసినారన్నా. ఎవురూ అడగరు."

ఎడమకు ఒక గీత.
ఇంకొక గీత.
మునెప్ప కుడిభుజం మీదనుంచి లేచి
నడుచుకుంటా వచ్చి కనుబొమల మధ్య కూర్చున్నాడు.
నిట్టూర్పు. అప్పుడు స్వరం.
నిట్టూర్పు.

మూడో గీతకు నా వేలు పోతాంటే పట్టుకున్నాడు.
"వద్దన్నా. మిగిలిందాన్ని కూడా
రంపానికే ఇచ్చినట్టయితాది."

మూసినదీ, ఆ పాతదీ కలిపి
రెండువేల నాలుగొందలు. మూడొందలు బాకీ.
మూడొందల ఓములదాన్ని ఇంకొకసారి తాకి వచ్చినాను,
అంతే, తాకి.

చంద్రగిరి దాటినాక దుర్యోధనుడు పడినాడు.
ఆడోళ్లు ఏడ్చినారు, ఎవరో పిల్లోడు దగ్గినాడు,
ఆ దగ్గు ఎవరిదో ఇరవై కిలోమీటర్లు ఆలోచించినాను.
పాకాల కాడ ఎడమపక్కాయన మోచేత్తో పొడిచినాడు,
పెదాలు ఆడతాండాయి.
కుడిచెవి మీది కప్పు ఎత్తి
ఏందన్నా అన్నాను.

పూతలపట్టు పోయిందా, అంట.
ఇంకా రాలేదన్నాను.
కప్పు దించబోయి, ఎందుకో
అట్నే పట్టుకోనుండాను కొంచెంసేపు.
కిటికీ అద్దం పండ్లు కొరుకుతానే ఉండాది.