ఎడమచేతి అగ్గిపుల్ల

డులూత్‌లో మంగళవారం. లైబ్రరీ కింది గది.
బయట అసలు మంచు, మోకాలి లోతు.
లోపల వాదన దొంగమంచు గురించి:
తెల్లరంగు పూసిన కార్న్‌ఫ్లేక్సట,
కాళ్ళకింద కరకరలాడి మాటలు వినబడక
మళ్ళీ రికార్డు చేసుకునేవారట.
"నలుపు తెలుపులో నెత్తురంటే చాక్లెట్ పాకమే" అని ఆర్విడ్
కాఫీలో చెంచా తిప్పాడు, చాలా శ్రద్ధగా.

లెక్క రాసేది నేను. అందరిలోకీ చిన్నదాన్ని, అరవై రెండు.
పుస్తకంలో రుజువుంటేనే పాయింటు. డెల్మర్ పెట్టిన రూలు.

ఆఖరి ప్రశ్నా డెల్మర్‌దే:
సినిమా అంతా కుడిచేత్తో ఉత్తరాలు రాసిన కథానాయిక
ఆ ఒక్క షాట్‌లో అగ్గిపుల్ల
ఎడమచేత్తో ఎందుకు గీసింది?

నెగెటివ్ తిరగబడిందన్నారొకరు.
ఎడిటరు తాగి ఉన్నాడన్నారింకొకరు.
ప్రతీక అన్నాడు ఆర్విడ్. ఆయనకన్నీ ప్రతీకలే.

ఆరేళ్ళుగా బిస్కెట్లు తేవడమే తప్ప నోరు విప్పని ఇర్మా
"నాది ఎడమచేతివాటం" అంది.

హీటరు టకటకమంది.

పదకొండు వారాలు, రోజుకూలి, చేతులు మాత్రమే.
ముఖం అక్కర్లేదన్నారట.

డెల్మర్ పుస్తకం తిరగేశాడు.
చేతుల పేర్లు ఏ పుస్తకంలో ఉంటాయి?

కేకు కొవ్వొత్తుల కోసం ఎవరో తెచ్చి మరిచిన అగ్గిపెట్టె అందుకుంది.
అల్లం కొమ్ముల్లాంటి వేళ్ళు.
మూడోసారికి గాని అంటుకోలేదు.
అంటుకున్నాక మాత్రం
మణికట్టు అదే వంపు తిరిగింది,
మంట చుట్టూ అరచెయ్యి అదే గోడ కట్టింది.

వాసన పట్టి లైబ్రేరియన్ తలుపు తోసింది:
"ఇక్కడ నిప్పు నిషేధం."

ఎవరం పలకలేదు.
పాయింటు వేద్దామని కాగితం తిప్పాను.
అందులో ఇర్మా పేరే లేదు.