గుల్లసున్నం

ఓడలో వంట చేసే మైలపల్లి ఎర్రన్న
స్పెయిన్ నుంచి ఒక బొమ్మ తెచ్చాడు.
కొండవాలు మీద ఊరు.
ఒకదాని భుజమ్మీద ఒకటెక్కి
సముద్రం చూస్తున్న తెల్లటి ఇళ్లు.
వెయ్యేళ్ల నాటిదట.

భీమిలి కొండ కింద మా మెట్లవీధిలో
అది చేతులు మారింది.
"అచ్చం మన ఊరే" అన్నారెవరో.
"మనకంత తెలుపెక్కడిది" అన్నారింకెవరో.

గౌరీసు మాత్రం
కళ్లకి మరీ దగ్గరగా పెట్టుకుంది.
నలభై ఏళ్లు బట్టీ పొగ తాగిన కళ్లు.
గోస్తనీ మొగలో గుల్లలేరి, ఊక పరిచి, కాల్చి,
నీళ్లు తగిలితే బుసకొట్టే సున్నాన్ని
ఈ మెట్లన్నీ ఎక్కించిన నెత్తి.
ఇప్పుడెవరూ అడగరు. డబ్బాల్లో రంగులొచ్చాయి.
గులాబీ ఇల్లు, దాన్నానుకుని చిలకపచ్చ ఇల్లు,
బట్టీ గుంతలో ఎవరిదో మేక.

వెయ్యేళ్లంటే ఆమెకి అబ్బురమేం కాదు.
పావురాలకొండ మీద రాతితొట్లు అంతకన్నా పాతవి.
కట్టెలకెళ్లినప్పుడల్లా
వాటిలో వాననీళ్లే దోసిట పట్టి తాగేది.

బొమ్మ మీద వేలు పెట్టింది.
ఎడమ పక్క, మూడో ఇల్లు,
గోడ అడుగున గోరంత పెచ్చు.
"ఈయేడు దీనికి పూత పళ్లేదు" అంది.
కాసేపాగి,
"పూసే మనిషి బాగున్నాదో లేదో."

ఎర్రన్నకేం తోచలేదు.
ఆ ఊరు వాడెక్కనే లేదు,
రేవులో కొన్నాడంతే.

బొమ్మ ఆమె దగ్గరే ఉండిపోయింది.
మర్నాడు, ఆటు వేళకి,
గోడకి గంప లేదు.
గుంతలో మేక కూడా.