తెల్లంచు

మొగల్రాజపురం కొండ పగలంతా తాగిన ఎండని
రాత్రి మా పెరట్లోకి వదులుతుంది.
మూడడుగుల పెరడు. గోడవారన నందివర్ధనం,
ఆకుల అంచుకి సున్నం కారినట్టు తెలుపు.

"తెగులా?" అంది పక్కింటి మస్తాన్‌బీ.
కాదు, పుట్టుకే అంత.

రోహిణి ఎండకి ముందు మాడింది ఆ తెల్లంచే.
పాత చీర కట్టి నీడ పట్టాను.
తొలివానకి ఒక కొమ్మ నిండు పచ్చగా లేచింది,
బలంగా,
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనంత మామూలుగా.

"అది కోసెయ్యండమ్మా,
లేపోతే మొక్కంతా అదే అయిపోద్ది"
అన్నాడు మొక్కల బండి సత్తిబాబు.

కత్తెర కంటే ముందు
నా మణికట్టు మీది తెల్లమచ్చ
ఆ కొమ్మని తాకింది.

కోశాను.
తెగినచోట పాలు.
నిండు పచ్చ లోపలా
తెలుపే.

జిగురు వదలడానికి
రెండుసార్లు సబ్బు రుద్దాల్సొచ్చింది.