గడువు తేదీ

కొండ కడుపులో నా కొలువు.
ఇరవై ఏడు మీటర్ల గ్రానైటు కింద
ఇంకా రాని జ్వరానికి కాపలా.

పైన కుయోపియోలో నవంబరు,
మధ్యాహ్నం మూడింటికే వీధి దీపాలు.
కింద మాత్రం ఏడాది పొడుగునా పద్దెనిమిది డిగ్రీలు.
అరల్లో అట్టపెట్టెలు, పెట్టెల్లో మాత్రలు,
మాత్రల రేకు మీద తేదీలు.
నేను చూసే పంచాంగం అదొక్కటే.

ఇవాళ నాలుగో వరసకు నూరేళ్ళు నిండాయి.
లారీ తెచ్చిన తౌనో
పెట్టెలన్నీ ఒకసారి కలయజూసి
"ఒక్కటీ వాడలేదా?" అన్నాడు.
లేదన్నాను.
"అన్నీ కాల్చడమేనా?"
అన్నీ.
ఈల వేశాడు. సొరంగం చివరిదాకా వెళ్ళి
ఆ ఈల మా దగ్గరికే తిరిగొచ్చింది.

రాజధాని నుంచి ఆడిట్ వాళ్ళ ఉత్తరం బల్ల మీద ఉంది:
వాడని సరుకుపై ఇంత ఖర్చెందుకో వివరించగలరు.
"రాలేదు కనుక" అని రాసి కొట్టేశాను.
"వస్తే?" అని రాశాను.
సర్కారు జవాబు ప్రశ్నలా ఉండకూడదంది ఔలిక్కి.

పదకొండేళ్ళుగా ఆమె రాస్తున్నది ఒకటే పుస్తకం,
దేశానికి జ్వరమొస్తే ఎవరేం చేయాలో.
రెండొందల పన్నెండు పేజీలు, కథానాయకుడు లేడు.
వసంతంలో ఓసారి సరుకు లెక్కకొస్తుంది,
ఫ్లాస్కు మూతలో నాకు కాఫీ పోసి
కొత్తగా మార్చిన వాక్యాలు చదివి వినిపిస్తుంది.

మొదటి సూది ఎవరికి?
నర్సుకు, సరే. డాక్టరుకు, సరే.
మంచు తోసే బండి డ్రైవరును ఆ జాబితాలోకి ఎక్కించడానికి
ఒక చలికాలమంతా పోట్లాడింది.
అతను రోడ్డు తెరవకపోతే నర్సు గడప దాటలేదు.
ఈ ఒక్క ముక్క ఒప్పుకునేలోగా
నాలుగు సమావేశాలయ్యాయి, ఇద్దరు మంత్రులు మారారు.

ఒక పేజీ మాత్రం ఎప్పుడూ తిప్పేసేది.
ఫోనుకు సిగ్నలు వెతుక్కుంటూ ఆమె పైకెళ్ళినప్పుడు చదివాను.
నేల గడ్డకట్టే ప్రాంతాల్లో
గుంతలు అక్టోబరులోనే తవ్వి ఉంచాలి.
ఎన్ని?
ఆ చోట అంకె పెన్సిలుతో ఉంది.
చెరిపి, రాసి, చెరిపి, రాసి
కాగితం అక్కడ ఉల్లిపొరలా పలచబడింది,
వెలుతురుకు పెడితే వెనక నా వేలు కనబడింది.

ఇల్లు కాలకముందే బావి తవ్వుకోమన్నారు పెద్దలు.
బావి గురించే అన్నారు.

ఏప్రిల్లో సరస్సు అంచు కరగ్గానే హంసలొస్తాయి.
ఏ సరిహద్దులోనూ వాటి సంచీ విప్పి చూసేవాళ్ళుండరు.
ఊరంతా వాటి అందం చూస్తుంది.
ఔలిక్కి లెక్క చూస్తుంది:
నిన్న నలభై మూడు, ఇవాళ నలభై రెండు.
ఆ ఒక్కటీ రెల్లు చాటున నిద్రలేచి మెడ చాచేదాకా
ఆమె కాఫీ చల్లారుతూనే ఉంటుంది.

లారీ నిండింది.
నాలుగో వరస ఖాళీ. కొత్త పెట్టెలు సోమవారం వస్తాయట,
కొత్త తేదీలతో.
ఆడిటుకు చివరికి ఇలా రాశాను:
"సరుకు అందినది. వాడబడలేదు. సంతోషం."
ఆఖరి మాట ఔలిక్కి కొట్టేస్తుంది, నాకు తెలుసు.

రిజిస్టరులో సంతకం పెడుతూ తౌనో దగ్గాడు.
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
"చలికి," అన్నాడు.
చలికే, అన్నాను.
అతను చాచిన కలాన్ని
రెండు వేళ్ళ కొసలతో అందుకున్నాను.